యుకతలు కట్టుకుని యాకతాబునె విందు: 14 మందిమి, ఆరుగురం శాకాహారులం. వెళ్ళాలా, వద్దా?

వనజ_నిషికసాయి
మా స్నేహితురాలు ఆగస్టు నెలాఖరుకి అన్నీ సర్దుకుని హైదరాబాద్ వెళ్ళిపోతోంది. తొమ్మిదేళ్ళు టోక్యోలో మా పక్క బిల్డింగులోనే ఉంది. పోయేముందు ఒకే ఒక్క కోరిక అడిగింది. అందరం యుకతలు (ఇక్కడివాళ్ళ వేసవి నూలు బట్టలు) కట్టుకుని, యాకతాబునె అనే ఎర్ర లాంతర్ల పడవ ఎక్కి, సుమిదా నది మీద భోంచేయాలట. కాదనలేం కదా. తీరా లెక్కలేసుకుంటే అన్నీ చిక్కులే.

మేం 14 మందిమి. ఆరుగురు శాకాహారులు, వాళ్ళలో ఇద్దరు గుడ్డు కూడా ముట్టరు. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ ఉంది, 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. అయిదేళ్ళ పిల్లాడొకడు. ఇద్దరు పడవల వాళ్ళకి ఫోన్ చేశా. 15 మంది లేకపోతే పడవ మొత్తంగా ఇవ్వం, నలుగురితో కలిసి ఎక్కే పడవలో రండి అన్నారు ఒకరు. ఇంకొకాయన "కూరగాయల తెంపుర (బజ్జీల్లాంటివి) వేస్తాం, కానీ చేపలు వేయించే నూనెలోనే" అన్నాడు. ఉన్నమాట చెప్పాడు, అది మంచిదే.

నా భయానికి కారణం ఉంది. రెండేళ్ళ క్రితం ఆఫీసు వాళ్ళతో ఒక పడవ ఎక్కాను. శాకాహారం అని వారం ముందే ఫోన్లో చెప్పా, అలాగే అన్నారు. తీరా కూర్చున్నాక అందరి ముందూ పొగలు కక్కే తెంపుర. నా ముందు తెల్లన్నం, ముల్లంగి ఊరగాయ రెండు ముక్కలు, గుప్పెడు ఎదమామె (పచ్చి సోయా) కాయలు. దానికి 13,000 యెన్లు. రెండున్నర గంటలు పక్కవాళ్ళు తింటుంటే చూస్తూ కూర్చున్నా. మా అమ్మకి ఆ గతి పట్టకూడదు.

ఎవరైనా శాకాహారులతో వెళ్ళి తృప్తిగా తిని వచ్చారా? ముసలివాళ్ళకి కూర్చోవడం ఎలా? అమ్మకి యుకత కట్టాలా, చీరే నయమా?

రఘు_కవసాకి
మనిషికి 12,000 అనుకున్నా 1,68,000 యెన్లు. సగం మంది తినలేని భోజనానికి అంత పోయడం దేనికండీ? అదే డబ్బుతో మన హోటల్లో హాలు తీసుకుని కడుపునిండా పెట్టి పంపొచ్చు. యుకతలు అక్కడికీ కట్టుకోవచ్చు.

పుల్లట్టు_రోజా
రఘు గారూ, ఆ అమ్మాయి అడిగింది పడవ. వెళ్ళిపోయే మనిషి తొమ్మిదేళ్ళకి ఒక్కసారి నోరు తెరిచి అడిగితే హాలు చూపిస్తామా?

రఘు_కవసాకి
నేనూ రెండుసార్లు ఎక్కా కాబట్టే చెప్తున్నా. ఎక్కినవాళ్ళలో సగం మంది తాగడానికే వస్తారు. నోమిహోదయ్ అని ఎంత తాగినా ఒకటే ధర పెడతారు. తాగనివాడు కూడా ఆ డబ్బు కట్టాల్సిందే. నేను తాగిన ఊలాంగ్ టీకి అంత ఖరీదు ఎక్కడా ఇవ్వలేదు.

సుమిదా_గట్టు
నేను అసకుసబషిలో పదహారేళ్ళుగా పనిచేస్తున్నా. మధ్యాహ్నం భోంచేశాక రోజూ యానగిబషి వంతెన దాకా నడుస్తా. కందా నది వచ్చి సుమిదాలో కలిసేది అక్కడే. చిన్న ఇనప వంతెన, 1929లో కట్టింది. దాని పిట్టగోడ మీద గీషాలు (విందుల్లో ఆడిపాడే కళాకారిణులు) కొప్పులో పెట్టుకునే కంజషి బొమ్మలు ఉంటాయి, ఒకప్పుడు అది గీషాల పేట కాబట్టి. కింద యాకతాబునెలు ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి. పగలు చూస్తే ఆ పడవల్లో ఆడవాళ్ళు తతామి చాపలు తుడుస్తూ, లాంతర్లు ఒక్కొక్కటే దులుపుతూ కనిపిస్తారు. చాలావరకు తరాల నుంచి ఒకే కుటుంబం నడిపే పడవలు. అందుకే వెబ్‌సైటులో ఏం రాసుందని కాదు, ఫోన్ ఎత్తిన మనిషి ఎవరన్నది ముఖ్యం.

రెండు రకాలుంటాయి. నలుగురితో కలిసి ఎక్కేది నొరియయ్. మొత్తం పడవ మాట్లాడుకునేది కషికిరి. నొరియయ్‌లో వంట అందరికీ ఒకటే, మీ కోసం పొయ్యి మారదు. కషికిరి అయితే ఆ రాత్రి వంటవాడు మీవాడు. శాకాహారం గొడవ ఉన్నవాళ్ళు కషికిరే చూసుకోవాలి. 15 మంది కావాలంటే 15వ మనిషి డబ్బు పంచుకుని కట్టేయండి, తలా 900 కూడా పడదు.

ఇక ప్రయాణం. యానగిబషి నుంచి గానీ అసకుస నుంచి గానీ బయల్దేరి సుమిదా వెంట కిందికి, సముద్రం వైపు పోతారు. కియోసు వంతెన, ఎయితయ్ వంతెన, ఆ తర్వాత కచిదోకి. ఈ కచిదోకి 1940లో కట్టిన వంతెన. పెద్ద ఓడలు వచ్చినప్పుడు మధ్యలో రెండుగా విడిపోయి పైకి లేచేది, 1970 తర్వాత మళ్ళీ లేవలేదు. అది దాటాక గాలి మారుతుంది. అప్పటిదాకా నది వాసన, అక్కణ్ణుంచి ఉప్పుగాలి. టోక్యో అఖాతంలో ఒదైబా దగ్గర ఇంజిన్ ఆపేసి అరగంటో ముప్పావుగంటో నిలబెడతారు. అక్కడ రెయిన్‌బో బ్రిడ్జి కింద ఇంకో ఇరవై పడవలు ఎర్ర లాంతర్లతో ఉంటాయి. తిరుగు ప్రయాణంలో కొన్ని పడవలు స్కైట్రీ టవరు కనిపించే దాకా పైకి తీసుకెళ్తాయి. మొత్తం రెండు, రెండున్నర గంటలు.

రఘు గారు చెప్పిన తాగుడు సంగతి నిజమే. కానీ కషికిరిలో మందు లేకుండా ధర మాట్లాడుకోవచ్చు. అడగాలంతే.

చల్లమిరప
ఒదైబా అన్న పేరు ఫిరంగుల నుంచి వచ్చిందని మా పిల్ల బళ్ళో చెప్పారట. 1853లో అమెరికా నల్ల ఓడలు వచ్చి బెదిరించాక, అప్పటి ఎదో (ఇప్పటి టోక్యో) ప్రభుత్వం హడావిడిగా సముద్రంలో దిబ్బలు కట్టి ఫిరంగులు పెట్టింది. వాటినే దైబా అన్నారు. రెండు దిబ్బలు ఇంకా ఉన్నాయి, పడవలోంచి చెట్లు కనిపిస్తాయి.

పుల్లట్టు_రోజా
తిండి విషయం నాకు వదిలేయండి, ఇక్కడ పుట్టిన ఇద్దరు పిల్లల్ని శాకాహారంగా పెంచుతున్నా.

వనజ గారూ, మీకు ఆ రోజు అన్నం ముల్లంగి ఎందుకొచ్చిందో చెప్తా. ఇక్కడ "బెజితారియన్" అంటే చాలామందికి కూరగాయలు ఇష్టపడే మనిషి అనే అర్థం. లేదా ఏం పెడితే ఏం తప్పో అని భయపడి, తప్పు కానివి మాత్రమే ముందు పెడతారు. కాబట్టి ఆ ఒక్క మాటతో సరిపెట్టొద్దు. మాంసం వద్దు, చేప వద్దు, రొయ్య వద్దు, గుడ్డు వద్దు అని విడివిడిగా చెప్పండి. ఆఖర్న "కట్సువో దషి మొ దమె దెస్" అనండి, అంటే ఎండుచేప రసం కూడా పనికిరాదని. మనవాళ్ళు మర్చిపోయేది ఈ దషినే. మిసో సూపులో అదే, తెంపుర ముంచుకునే రసంలో అదే, చల్లటి తోఫు మీద చల్లే పొట్టు కూడా ఆ చేపే.

ఇంకో కిటుకు. "షోజిన్ ర్యోరి లాగా" అని చెప్పండి. అది బౌద్ధ మఠాల వంట. పాతకాలం వంటవాళ్ళకి ఆ మాట వినగానే మొత్తం అర్థమైపోతుంది, వాళ్ళ సొంత మాట కాబట్టి. దషి కొంబు అనే సముద్రపు నాచుతో తీస్తారు. తెంపుర రసం బదులు ఉప్పు అడగండి.

నూనె సంగతి. "వేరే నూనె పెట్టండి" అంటే చిన్న పడవ వంటింట్లో రెండో మూకుడుకి చోటుండదు, కుదరదంటారు. అలా అడక్కండి. "కొత్త నూనెలో ముందు కూరగాయలు వేయించి, తర్వాత చేపలు వేస్తారా?" అని అడగండి. పిండిలో గుడ్డు వద్దనీ చెప్పండి. మొత్తం పడవ మీదే అయితే ఎక్కువమంది ఒప్పుకుంటారు.

రఘు_కవసాకి
ముందు కూరగాయలు, తర్వాత చేపలు... ఇది నాకు తట్టలేదు. బాగుంది రోజా గారూ.

ఉప్పుచేప_సతీష్
శాకాహారుల బాధ అర్థమైంది గానీ, ఆ తెంపుర గురించి ఒక్క మాట చెప్పనివ్వండి. వెనక వంటింట్లో వేయించి, ఒక్కో రకం అయిన వెంటనే తెచ్చి పెడతారు. అనగో (పాములా పొడుగ్గా ఉండే సముద్రపు చేప), కిసు, రొయ్య. కిసు సన్నగా మెత్తగా ఉండే తెల్లచేప, వేసవిలో బాగుంటుంది. మా కాకినాడ పీతల వేపుడు తిని పెరిగిన నోటికి కూడా అది నచ్చింది. తినేవాళ్ళు ఎనిమిది మంది ఉన్నారు కదా, వాళ్ళ సంతోషం కూడా లెక్కలో వేయండి.

తెనాలి_బుజ్జి
ఇంటి నుంచి పులిహోర పట్టుకెళ్తే?

పుల్లట్టు_రోజా
ఎండాకాలంలో బయటి తిండి చాలామంది ఎక్కనివ్వరు. ఎవరికైనా కడుపు పాడైతే పడవ వాళ్ళ మీదకి వస్తుందని. అడిగి చూడొచ్చు, దాచి తీసుకెళ్ళొద్దు. చిన్న సీసాలో కారప్పొడి మాత్రం ఎవరూ అడ్డుకోరు.

ఒబి_ముడి
బట్టల గురించి నేను చెప్తాను. మా పక్కింటి ఎనభయ్యేళ్ళ ఒబాసన్ (బామ్మ) దగ్గర నాలుగు వేసవులు కూర్చుని నేర్చుకున్నా.

యుకత అంటే నూలు బట్ట. మొదట్లో స్నానాల గదికి కట్టుకెళ్ళే బట్ట అది, తర్వాత సాయంత్రాలు చల్లగాలికి తిరిగే బట్ట అయింది. కాబట్టి భయపడాల్సిన పట్టు కిమోనో కాదు. బట్టల షాపుల్లో ఒబితో (నడుం పట్టీతో) కలిపి సెట్టు అయిదారు వేలకి దొరుకుతుంది. ఆగస్టు మధ్యకొచ్చేసరికి ధర తగ్గించేస్తారు కూడా.

ఒక్కటి మాత్రం తప్పకూడదు. కుడి అంచు ఒంటికి ఆనాలి, ఎడమ అంచు పైకి రావాలి. తిరగేసి కట్టేది చనిపోయినవాళ్ళకి. కట్టుకున్నాక కుడి చెయ్యి రొమ్ము దగ్గర మడతలోకి తిన్నగా దూరితే సరిగ్గా కట్టినట్టు. సెల్ఫీల్లో కెమెరా బొమ్మని తిప్పేస్తుంది, అద్దంలోనూ తేడాగా కనిపిస్తుంది. అందుకే చేతిని నమ్మండి.

ఆడవాళ్ళ యుకత మనిషి కంటే పొడుగుంటుంది. నడుం దగ్గర మిగిలిన బట్టని మడిచి, తాడుతో బిగించి, ఆ మడత ఒబి కింద వేలెడు కనిపించేలా సర్దాలి. దాన్ని ఒహషొరి అంటారు. చీర కుచ్చిళ్ళు పెట్టే చేతులకి ఇది గంటలో వస్తుంది, నన్ను నమ్మండి. అంచు చీలమండ దగ్గర ఆగాలి, నేలకి జీరాడకూడదు. పడవ ఎక్కేటప్పుడు కాలికి తగులుకుంటుంది.

లోపల పల్చటి నూలు స్లిప్ వేసుకోండి, లేకపోతే చెమటకి కాళ్ళకి చుట్టుకుంటుంది. ఒబి మరీ బిగించొద్దు, మీరు కూర్చుని తినాలి. వెనక ముడి పెద్దగా ఉంటే కుర్చీకి ఆనుకోవడం కుదరదు, పడవలో తతామి కాబట్టి ఇబ్బంది లేదు. బాత్రూముకి వెళ్ళినప్పుడు పొరలు ఒక్కొక్కటే ఎత్తి ఒబిలో దోపుకోవాలి. ఇది ఎవరూ ముందే చెప్పరు, అందుకే చెప్తున్నా.

గెతలు (చెక్క చెప్పులు) కొత్తవైతే బొటనవేలు, పక్కవేలు మధ్య ఒరుసుకుపోతాయి. ముందే బ్యాండ్ ఎయిడ్ వేయండి. పిల్లాడికి జింబెయి కొనండి, చొక్కా నిక్కరు లాంటిది, వాడు ఎంత గెంతినా ఊడదు.

కిరణ్_సైతామ
అక్కా మగోళ్ళకి గూడ ఇంత ఉంటదా? నేనొచ్చి నాల్గు నెలలే అయింది. యుకత కొన్న గని ఎట్ల కట్టాల్నో తెల్వక అట్లనే పెట్టిన.

ఒబి_ముడి
మగవాళ్ళది తేలిక తమ్ముడూ. పొడుగు సరిగ్గా ఉంటుంది, మడత అక్కర్లేదు. కకు ఒబి అని గట్టి పట్టీ ఉంటుంది. దాన్ని నడుం మీద కాదు, బొడ్డు కింద తుంటి ఎముకల మీద కట్టాలి. ముందు కిందికి, వెనక కాస్త పైకి. ముడి వెనక్కి తిప్పాలి. తిప్పేటప్పుడు కుడివైపుగా తిప్పు, ఎడమవైపు తిప్పితే ముందు మడత విప్పుకుంటుంది.

తెనాలి_బుజ్జి
లుంగీ కట్టడం వచ్చినవాడికి ఇది పెద్ద లెక్క కాదు కిరణ్. పైకి మడిచి కట్టకపోతే చాలు.

మైథిలి_యోకొహామా
నాకో సందేహం. మనం కట్టుకుంటే వాళ్ళకి చిన్నతనంగా ఉండదా? ఇంటర్నెట్టులో ఏవేవో వాదాలు చదివి నేను అయిదేళ్ళుగా కొనకుండా ఆగిపోయా.

ఒబి_ముడి
మైథిలి గారూ, నేను మొదటిసారి వంకరగా కట్టుకుని బస్టాపులో నిలబడితే తెలియని పెద్దావిడ వచ్చి, ఒక్కమాట అడిగి, నా మెడ వెనక కాలరు పిడికిలంత కిందికి లాగి, ఒబి సర్ది వెళ్ళింది. మన పెళ్ళిలో ఇక్కడి వాళ్ళు చీర కట్టుకుని జారిపోతుంటే మన అత్తయ్యలు పిన్నీసు పెట్టరూ? అదే ఇది. కొనుక్కోండి.

మైథిలి_యోకొహామా
ఈ శనివారమే వెళ్తా.

వనజ_నిషికసాయి
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. రోజా గారి నూనె మాట రాసిపెట్టుకున్నా. ఇప్పుడు అసలు చిక్కు అమ్మ. మోకాళ్ళు ఒక్కటే కాదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పటి నుంచి పడవ పేరెత్తితే అమ్మ మొహం మారిపోతుంది. మా వీధిలోంచి వెళ్ళినవాళ్ళున్నారు ఆ పడవలో. పాపికొండలు అంటే ప్రాణం పెట్టే మనిషి, మళ్ళీ రేవుకి వెళ్ళలేదు. నేను బలవంతం చేయడం సబబేనా?

గోదారి_శ్రీను
నాది దేవీపట్నం వైపు. ఆ రోజులు నేనూ మర్చిపోలేను. అమ్మగారి భయం న్యాయమైనది, "ఏం కాదులే" అని కొట్టిపారేయకండి.

తేడా మాత్రం చెప్పగలను. కచ్చులూరు దగ్గర గోదారి కొండల మధ్య ఇరుకై, లోతుగా, సుడులతో ఉంటుంది. ఆ రోజు వరద నీరు. సుమిదా అట్లా కాదు. రెండు వైపులా గోడలు కట్టిన నది, పడవ మనిషి పరుగెత్తినంత వేగంతో పోతుంది, నదిలో ఉన్నంతసేపూ ఎటు చూసినా ఒడ్డు దగ్గర్లోనే కనిపిస్తుంది. గాలి ఎక్కువుంటే వాళ్ళే ప్రయాణం మానేస్తారు. నేను ఎక్కినప్పుడు లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో ముందే చూపించమని అడిగా, చూపించారు. మీరూ అడగండి, అమ్మగారి ముందే అడగండి. వీలైతే ముందు రోజు పగలు తీసుకెళ్ళి ఒడ్డు మీంచి ఆ పడవలు చూపించండి. ఆవిడే నిర్ణయం తీసుకుంటారు.

సుమిదా_గట్టు
శ్రీను గారి సలహా బాగుంది. యానగిబషికే తీసుకురండి, నీడ ఉంటుంది. మోకాళ్ళ సంగతికి, బల్ల కింద కాళ్ళు దించుకునే గొయ్యి ఉన్న పడవ అడగండి, హొరిగొతత్సు అంటారు. కొన్నిటిలో బల్లలు కుర్చీలు కూడా ఉన్నాయి. పడవ ఎక్కగానే చెప్పులు విప్పించేస్తారు, అక్కడ పెద్దావిడకి చెయ్యి పట్టుకోవడానికి ఒకరు ఉండాలి.

అమ్మగారికి చీరే మంచిది. ఊదా రంగు నూలుచీర కట్టుకుని లాంతర్ల కింద కూర్చుంటే ఎంత బాగుంటుందో!

అల్లం_పెసర
ఎవరూ చెప్పలేదు గానీ, ఒదైబా దగ్గర పడవ ఆగినప్పుడే కళ్ళు తిరుగుతాయి. నడిచేటప్పుడు ఏమీ ఉండదు. పక్కనుంచి పెద్ద పడవ పోతే వచ్చే అలకి ఊగుతుంది. అల్లం మురబ్బా ఒక ముక్క దగ్గర పెట్టుకోండి. పిల్లాడు కిటికీ పక్కన కూర్చుంటే మేలు.

ఒసాకా_లలిత
బాణసంచా రోజు చూసుకోలేదా మీరు? పడవలోంచి హనాబి చూడటమే దీని అసలు అందం కదా. మా దగ్గర జులై 25న తెంజిన్ ఉత్సవానికి వంద పడవల దాకా నది మీద ఊరేగుతాయి, పైన బాణసంచా. ఆ రాత్రి చూశాక మామూలు రోజు పడవ చప్పగా అనిపిస్తుంది.

సుమిదా_గట్టు
లలిత గారూ, నేను ఒప్పుకోను. సుమిదా హనాబి జులై ఆఖరి శనివారం. ఆ రోజు పడవ ధర మామూలుకి రెండు మూడింతలు, చోటు నెలల ముందే అయిపోతుంది. పైగా పడవ ఒకచోట కట్టేసి ఉంటుంది, ఎక్కడికీ కదలదు. వంతెనల కింద నుంచి పోవడం, గాలి మారడం, ఇవేవీ ఉండవు.

చరిత్ర మాత్రం గొప్పది. 1732లో కరువు, అంటురోగాలతో జనం చచ్చిపోతే, మరుసటి ఏడు రియోగొకు దగ్గర నీటి దేవుడికి పూజ చేసి బాణసంచా కాల్చారని చెప్పుకుంటారు. తమయా, కగియా అని రెండు బాణసంచా ఇళ్ళు పోటీపడేవి. ఇప్పటికీ ముసలివాళ్ళు ఆకాశంలో పువ్వు విచ్చుకోగానే "తమయా!" అని అరుస్తారు. 1961 తర్వాత ఆగిపోయింది, మళ్ళీ 1978లో మొదలైంది. ఆ మధ్యకాలంలో సుమిదా మురికి కాలవ అయిపోయి కంపు కొట్టేదని మా ఆఫీసులో రిటైరైన పెద్దాయన చెప్పేవాడు. యాకతాబునెలు కూడా అప్పుడు మూలపడి, నీళ్ళు బాగుపడ్డాకే తిరిగొచ్చాయి.

ఒసాకా_లలిత
కట్టేసిన పడవ అన్నది నిజమే, కాదనను. కానీ నీళ్ళలో ఆ వెలుగు పడటం చూస్తే మీరే మాట మారుస్తారు. వచ్చే ఏడు మా ఊరు రండి.

నాగోయా_ప్రసాద్
గిఫులో నగర నది మీద నీటికాకులతో చేపలు పట్టే ఉకయ్ కూడా ఉంది. 1300 ఏళ్ళ పైబడిన ఆచారం, మే 11 నుంచి అక్టోబరు 15 దాకా. పడవలో భోంచేస్తూ చూడొచ్చు. చీకట్లో ముందు కట్టె మంట, దాని వెలుగులో పక్షులు మునుగుతుంటాయి. యుకతలో చాలామంది వస్తారు.

పుల్లట్టు_రోజా
పక్షి గొంతులోంచి చేప కక్కిస్తుంటే వనజ గారి అమ్మగారు భోంచేస్తారా ప్రసాద్ గారూ! ఇంకోసారి ఇంకెవరికైనా చెబుదాం.

కూలీ_రాజు
డబ్బు మరీ ఇబ్బందైనవాళ్ళకి ఇంతకుముందు తకెషిబా రేవు నుంచి వేసవిలో నోర్యోసెన్ అని పెద్ద ఓడ తిరిగేది, చల్లగాలి ఓడ. యుకత కట్టుకొస్తే టికెట్ తగ్గించిన ఏళ్ళున్నాయి. కానీ అక్కడ పాటలు, గోల. చాపల మీద కూర్చుని నలుగురూ మాట్లాడుకునేది కాదు.

వనజ_నిషికసాయి
నిన్న అమ్మని యానగిబషి తీసుకెళ్ళా. అరగంట పిట్టగోడ పట్టుకుని చూసింది. ఒకాయన పడవ ముందుభాగం బకెట్టు నీళ్ళతో కడుగుతున్నాడు. "రోజూ కడుగుతారా?" అని అడిగించింది నాతో. రోజూ రెండుసార్లు అన్నాడు. "అయితే ఎక్కుదాం" అంది. అంతే.

ఆ పడవ వాళ్ళతోనే మాట్లాడా. కూరగాయలు ముందు, కొత్త నూనె, గుడ్డు లేని పిండి, కొంబు దషి, మందు లేకుండా ధర. ఫోన్లో ఉన్న ఆవిడ "షోజిన్ లాగానా? అలా ముందే చెప్పొచ్చు కదా!" అంది సంతోషంగా. శనివారం ఖాయం. 15వ మనిషే తక్కువ.

కిరణ్_సైతామ
అక్కా ఏమనుకోకుంటె నేనొస్త. నా పైసలు నేనే కట్టుకుంట. ఈడ నాకెవ్వరు లేరు, యుకత పెట్టెలనే ఉన్నది.

వనజ_నిషికసాయి
తప్పకుండా రా తమ్ముడూ. వెజ్జా, నాన్‌వెజ్జా? వంటావిడకి లెక్క చెప్పాలి.

కిరణ్_సైతామ
నాన్‌వెజ్జే అక్కా. గని శనివారం తినను, వెంకన్న మొక్కు.

ఉప్పుచేప_సతీష్
అయితే శాకాహారులు ఏడుగురు!

రఘు_కవసాకి
కిరణ్, నీకు ఒబి కట్టడం రాకపోతే సాయంత్రం నాలుగింటికి మా ఇంటికి రా, కవసాకి నుంచి అసకుసబషి ఒక గంట లోపే. నేను కడతా. వనజ గారూ, నేను వద్దన్నా మీరు వినకపోవడం మంచిదైంది.

వనజ_నిషికసాయి
వెళ్ళొచ్చాం. మూడు రోజులైంది, ఇవాళ కూర్చుని రాస్తున్నా.

తెంపుర మొదట మా ఏడుగురికే వచ్చింది. గుమ్మడి, తామరదుంప, వంకాయ, షిషితో మిరపకాయ, షిసో ఆకు. షిసో ఆకుకి ఒక వైపే పిండి అంటించి వేయించారు, ఇంకో వైపు ఆకుపచ్చగా అలాగే మెరుస్తోంది. అమ్మ దాన్ని దీపానికి అడ్డుపెట్టి చూసి, ఉప్పు అద్దుకుని తిని, ఇంకోటి అడిగింది. వంటాయన వెనక గుమ్మంలోంచి తొంగిచూసి, ప్లేటు ఖాళీ అవడం చూసి లోపలికెళ్ళాడు. రెండేళ్ళ నుంచి నా లోపల ఉన్న ఆ అన్నం ముల్లంగి అప్పుడు పోయింది.

పిల్లాడు వంతెనల రంగులు చెప్తూనే ఉన్నాడు. తిరుగు దారిలో స్కైట్రీ దాకా తీసుకెళ్ళారు కాబట్టి కురమాయె వంతెన పసుపు, ఉమాయ పచ్చ, కొమగత నీలం, అజుమ ఎరుపు, అన్నీ దొరికాయి వాడికి. వంతెనల కింద పోయేటప్పుడు పైన డెక్ మీద నిలబడనివ్వరు, అంత దగ్గరగా పోతుంది కప్పు. ఉక్కపోత ఒడ్డు దగ్గర భరించలేనంత ఉంది. కచిదోకి దాటాక సుమిదా_గట్టు గారు చెప్పిన గాలి నిజంగానే వచ్చింది, అందరి యుకత చేతులూ ఒక్కసారి ఎగిరాయి.

ఒదైబా దగ్గర ఇంజిన్ ఆపగానే అందరం పైకెక్కి ఫోటోలు. మా స్నేహితురాలు మాత్రం కిందే ఉండిపోయింది, అమ్మ పక్కన. నేను దిగి చూస్తే, చాప్‌స్టిక్స్ వచ్చిన కాగితపు తొడుగు మీద పడవ పేరు ఉంటుంది కదా, అది జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి యుకత చేతి సంచిలో దాచుకుంటోంది. నన్ను చూసి ఏమీ అనలేదు. నేనూ అనలేదు. అమ్మ మా ఇద్దరికీ ఉచివ విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

అమ్మ ఒడ్డు దిగాక అన్న మాట: "మన గోదారంత లేదు. కానీ ఎంత బాగా చూసుకుంటున్నారే నదిని."

గోదారి_శ్రీను
ఆ మాట చదివి కాసేపు ఆగిపోయాను వనజ గారూ. ఈసారి ఊరికెళ్ళినప్పుడు అమ్మగారిని ఒకసారి పుష్కరాల రేవు దాకా తీసుకెళ్ళండి. పడవ ఎక్కక్కర్లేదు.

వనజ_నిషికసాయి
తనే అడిగింది శ్రీను గారూ, దసరాకి వెళ్దామని.

పుల్లట్టు_రోజా
ఆ పడవ వాళ్ళ ఫోన్ నంబరు నాకు విడిగా పంపండి. మా అత్తగారు అక్టోబరులో వస్తున్నారు.

వనజ_నిషికసాయి
పంపాను. ఒక చిన్న గొడవ మిగిలింది. గెతలకి కుడి ఎడమ తేడా ఉండదు కదా, దిగేటప్పుడు చీకట్లో మా ఆయన చేతికందినవి వేసుకొచ్చేశారు. ఇంటికొచ్చి చూస్తే ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. ఎవరివి?

కిరణ్_సైతామ
నాది అక్కా! నేను గూడ అట్లనే జత కలవక కుంటుకుంట వచ్చిన సైతామ దాంక. ఆదివారం వచ్చి మార్చుకుంట.

వనజ_నిషికసాయి
భోజనానికి రా. ఆదివారం కదా, మా ఆయన చేత కోడికూర వండిస్తా.